ఐదు దాటి ఆరులోకి వచ్చిన పిల్లలకు తోడెవరు?

ఐదో తరగతి అయిపోయాక ప్రాథమిక పాఠశాలలో పిల్లల చేతికి రికార్డు షీటు ఇస్తారు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఎప్పుడు చేరింది, ఏ తరగతి పూర్తిచేసింది అందులో ఉంటాయి. జూన్‌లో బడులు తెరిచాక అమ్మో నాన్నో ఆ కాగితం పట్టుకుని పక్క ఊళ్ళోని జెడ్పీ హైస్కూలుకి వెళ్తారు. ఆధార్ జిరాక్సు జతచేస్తారు, అడ్మిషన్ రిజిస్టర్‌లో నంబరు పడుతుంది. చేరడం అయిపోయింది.

ఆ పాప నలుగురిలో చదవమంటే గొంతు పెగలదని, ఎక్కాలు మాత్రం గడగడా అప్పజెబుతుందని, తల్లిదండ్రులు వలస పోతే అమ్మమ్మ దగ్గర పెరుగుతోందని, ఎడమ చెవి సరిగా వినపడదు గనక ముందు బల్ల మీద కూర్చోబెట్టాలని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఇవన్నీ తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి చదువు చెప్పిన టీచరమ్మ. ఆమెకి తెలిసింది ఆమె దగ్గరే ఉండిపోతుంది. హైస్కూల్లో అందరూ మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాలి. తెలుసుకునేలోపు సగం ఏడాది గడిచిపోతుంది.

హైస్కూలుకి కొత్తగా వచ్చే పిల్లల గురించి మాట్లాడుకుంటే మన మాటలు పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బెంచీల చుట్టూనే తిరుగుతాయి. అవీ కావాలి, ఎవరూ కాదనరు. కానీ ఆరో తరగతిలో పిల్లలు తడబడడానికి అసలు కారణం, తమని పేరుపేరునా ఎరిగిన పెద్దమనిషి ఒక్కసారిగా దూరం కావడమేనని నా గట్టి నమ్మకం. చదువులో వెనకబాటు, భయం, బడి ఎగ్గొట్టడం, మానేయడం అన్నీ ఆ ఖాళీలోంచే పెరుగుతాయి. ఆ ఖాళీ నింపే బాధ్యత ఎవరిదో మన బడుల్లో స్పష్టంగా రాసి పెట్టి ఉండదు.

దీనికి తొలి మందు చాలా చిన్నది. ఐదో తరగతి టీచరు ఏప్రిల్‌లో ఒక్కో పిల్లకి అర పేజీ రాసి రికార్డు షీటుతో పాటు హైస్కూలుకి పంపడం. ఏం బాగా వచ్చు, ఎక్కడ ఆగిపోతుంది, ఇంట్లో ఎవరున్నారు, దేనికి భయం, దేనికి ఉత్సాహం. మార్కులు అక్కర్లేదు, తప్పులెంచే మాటలు అసలే వద్దు. ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి పిల్లలు పదిమందికి మించని ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పని.

ఇప్పుడు జూన్‌లో ఆ పిల్లకి నిజంగా ఏం మారుతుందో దగ్గరగా చూద్దాం.

నిన్నటిదాకా ఒకే గది, ఒకే టీచరు, మహా అయితే ఇద్దరు. తెలుగు చెప్పేదీ ఆమే, లెక్కలు చెప్పేదీ ఆమే, జ్వరం వస్తే ఇంటికి కబురు పంపేదీ ఆమే. పాఠం అర్థం కాకపోతే మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్ళీ చెబుతుంది. హైస్కూల్లో గోడ మీద టైమ్ టేబుల్ ఉంటుంది. ముప్పావుగంటకోసారి బెల్లు కొడతారు, ఒక సారు వెళ్ళి ఇంకో సారు వస్తారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్, మధ్యలో పీఈటీ సారు. ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు. తెలుగు టీచరుకి మార్జిన్ కొట్టిన నోట్సు కావాలి, లెక్కల సారుకి తెల్ల కాగితాల పుస్తకం కావాలి, సోషల్ సారు ప్రశ్న ఎర్ర ఇంకుతో, జవాబు నీలం ఇంకుతో రాయమంటారు. ఎవరి కోరికా తప్పు కాదు. కానీ పదకొండేళ్ళ పిల్ల ఆరుగురి పద్ధతులు ఒకే వారంలో బుర్రకెక్కించుకోవాలి. బుధవారం మూడో పీరియడ్‌కి లెక్కల పుస్తకం తేలేదని నిలబడిన పిల్లకి లెక్కలు రాకపోవడం కాదు, టైమ్ టేబుల్ చూసి సంచి సర్దుకోవడం రాదు. ఐదేళ్ళ చదువులో ఆ అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

హోంవర్కు సంగతీ అంతే. ఒకే టీచరు ఉన్నప్పుడు ఇవాళ లెక్కలు ఎక్కువిస్తే తెలుగు తగ్గించేది. ఆరుగురు విడివిడిగా ఇస్తే మొత్తం ఎంతైందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. బోర్డు మీద ఒక మూల ఆ రోజు ఎవరు ఏం ఇచ్చారో రాసి ఉంచితే చాలు, ఆఖరి పీరియడ్ సారు అది చూసి తనది రేపటికి వాయిదా వేసుకోగలరు. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

హిందీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన రెండు రాష్ట్రాల సర్కారు బడుల్లో చాలామంది పిల్లలకి హిందీ అక్షరాలు ఆరులోనే మొదటిసారి ఎదురవుతాయి. తెలుగు ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్న పిల్ల చేతికి ఇంకో లిపి వస్తుంది. ఎవరికీ ముందు రాదు గనక హిందీ పీరియడ్‌లో అందరూ ఒకే గీత మీద నిలబడతారు. మంచి టీచరు చేతిలో ఇదే పెద్ద అవకాశం. లెక్కల్లో, ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్ల అక్కడ మొదటి నెలలోనే ముందుకి రావచ్చు, తరగతిలో తనకంటూ ఒక చోటు సంపాదించుకోవచ్చు. అదే హిందీని చూచిరాతలతో నెట్టేస్తే, తొలి ఓటమి అక్కడే మొదలై పదో తరగతి దాకా వెంటాడుతుంది.

ఇంగ్లీషు మీడియం ఇంకో మెట్టు. సర్కారు బడులు ఇంగ్లీషు మీడియంలోకి మారాక ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ ఆలోచన నాకు నచ్చింది. తెలుగులో పాఠం అర్థం చేసుకుని, ఎదురు పేజీలో మాటలు పట్టుకోవడానికి పిల్లకి దారి ఉంది. అయితే ఆ దారిలో నడిపించాలి. తెలుగు పేజీ చదవడం నామోషీ అనో, ఇంగ్లీషు పేజీ మనకెందుకనో అనుకుంటే ఆ పుస్తకం బరువు తప్ప ఇంకేమీ కాదు. వారానికి కనీసం ఒక పాఠం రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివించాలి.

వీటన్నిటి అడుగున ఇంకో పెద్ద సమస్య దాగి ఉంది. దాని గురించి మనం గట్టిగా మాట్లాడం. గ్రామీణ భారతంలో పిల్లల చదువు మీద ఏళ్ళుగా సర్వే చేస్తున్న 'అసర్' 2024 నివేదిక ప్రకారం, దేశవ్యాప్తంగా ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగం కూడా లేరు. అంటే ఆరో తరగతి గదిలోకి అడుగుపెట్టే పిల్లల్లో చాలామందికి అక్కడి పుస్తకం అందదు. ప్రాథమిక పాఠశాలలో ఈ లోటు టీచరుకి తెలిసే ఉంటుంది, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేది. హైస్కూల్లో సైన్సు సారు పాఠం చెప్పి, ప్రశ్నలకి జవాబులు రాసుకురమ్మంటారు. పిల్ల పక్కమ్మాయి నోట్సులోంచి ఎక్కించుకొస్తుంది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, టిక్కు పడుతుంది. తను రాసిన వాక్యాన్ని తనే చదవలేకపోతోందన్న సంగతి పరీక్ష వచ్చేదాకా బయటపడదు. అప్పుడు 'అశ్రద్ధ' అన్న మాట వస్తుంది. చదవలేకపోవడాన్ని అశ్రద్ధ అని పిలవడం కన్నా పెద్ద అన్యాయం బడిలో ఇంకోటి లేదు.

తెలంగాణలో 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకి తొలిమెట్టు అనే కార్యక్రమం తెచ్చారు, ఆ తర్వాత హైస్కూలు తరగతులకి ఉన్నతి మొదలుపెట్టారు. పిల్లలు ఎక్కడున్నారో ముందు తెలుసుకుని అక్కణ్ణుంచి చెప్పాలన్నదే రెండింటి సారాంశం. ఆ మాట కాగితం మీదే ఆగకుండా ఉండాలంటే జూన్ ఆఖరులోపు ఆరో తరగతిలో ప్రతి పిల్లా ఒక్కొక్కరుగా, విడిగా, ఒక టీచరు పక్కన కూర్చుని నాలుగు వాక్యాలు చదవాలి. విడిగా అన్న మాట ముఖ్యం. అరవై కళ్ళ ముందు తడబడిన పిల్ల మళ్ళీ నోరు విప్పదు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు. నలభైమంది ఉన్న సెక్షన్‌కి రెండు గంటల పని, మూడు లీజర్ పీరియడ్లలో ముగుస్తుంది. ఎవరికి గుణింతాల దగ్గర ఆగిందో, ఎవరికి ఒత్తుల దగ్గర, ఎవరికి చదివింది అర్థం కావడం దగ్గర ఆగిందో అప్పుడు తెలుస్తుంది. తర్వాత రోజుకో అరగంట వాళ్ళకి. తెలుగు టీచరు మీదే ఈ భారం వేయడం భావ్యం కాదు. చదవడం రాకపోతే సోషల్ కూడా రాదు, కాబట్టి సోషల్ సారుకీ ఇందులో వాటా ఉంది.

ఇక భయం. ఐదో తరగతిలో ఆ పిల్ల బడికే పెద్దది. చిన్నపిల్లలకి వరసలు నిలబెట్టేది, ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పేది. ఇప్పుడు మీసాలొస్తున్న పదో తరగతి అన్నయ్యల మధ్య అందరికన్నా చిన్నది. మధ్యాహ్న భోజనం దగ్గర చూడండి. పళ్ళెం పట్టుకుని నిలబడితే పెద్దవాళ్ళు ముందుకి దూరతారు, వరస వెనక్కి జరుగుతుంది, గుడ్డు దొరుకుతుందో లేదోనన్న బెంగ. బాత్రూం ఎటో తెలియదు, అడగడానికి సిగ్గు. ఏ సారుని 'సార్' అని పిలవాలో, ఏ మేడంని 'టీచర్' అనాలో తెలియదు. పెద్దలకి ఇవి చిల్లర విషయాలు. ఆ వయసులో రాత్రి నిద్ర పట్టనివ్వనివి ఇవే.

ఈ భయం గురించి ఒక పరిశోధన చెప్పుకోదగ్గది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 11 మిడిల్ స్కూళ్ళలో 1,304 మంది ఆరో తరగతి పిల్లల మీద జెఫ్రీ బోర్మన్ బృందం చేసిన పని 2019లో అచ్చయింది. అక్కడా ఆరో తరగతితోనే బడి మారుతుంది. కొంతమంది పిల్లలకి ఏడాది మొదట్లో చిన్న చిన్న రాతపనులు ఇచ్చారు. తమ కన్నా ముందు ఆ తరగతి దాటిన పిల్లల మాటలు చదవాలి. మొదట్లో మాకూ భయమేసింది, పరీక్షలంటే గాభరా పడ్డాం, ఎవరితో కూర్చోవాలో తెలియలేదు, కొన్నాళ్ళకి సర్దుకుంది, టీచర్లు సాయం చేశారు అన్న అర్థం వచ్చే మాటలు. తర్వాత తమ అనుభవం రాయాలి. అంతే. ఆ పని చేసిన పిల్లల్లో క్రమశిక్షణ ఫిర్యాదులు 34 శాతం, ఫెయిల్ గ్రేడ్లు 18 శాతం తగ్గాయి, గైర్హాజరీ కూడా తగ్గింది.

ఇంత చిన్న పనికి అంత ఫలితం ఎలా వచ్చింది? కొత్త బడిలో ఇబ్బంది పడే పిల్ల తనకొక్కదానికే ఇలా అవుతోందని అనుకుంటుంది. 'నేను ఇక్కడికి తగను' అని ఒక తీర్మానానికి వస్తుంది. ఆపైన మార్కు తగ్గినా, సారు కసిరినా, స్నేహితురాలు పలకకపోయినా ఆ తీర్మానానికి సాక్ష్యంగానే కనబడుతుంది. ఇది అందరికీ ఉంటుంది, పోతుంది అని ముందే తెలిస్తే అవే సంఘటనలు మామూలు ఇబ్బందులైపోతాయి. పిల్ల సాయం అడుగుతుంది, ప్రయత్నిస్తుంది, దాంతో టీచర్లూ దగ్గరవుతారు.

మన బడుల్లో దీన్ని చేయడానికి పైసా ఖర్చు లేదు. జూన్ మూడో వారంలో ఏడో తరగతి నుంచి ఐదారుగురిని ఆరో తరగతి గదికి తీసుకురావాలి. ర్యాంకు పిల్లల్నే ఏరకూడదు. పోయినేడు ఏడ్చినవాళ్ళని, మొదటి పరీక్షలో తప్పినవాళ్ళని, పక్క తండా నుంచో గూడెం నుంచో నడిచొచ్చేవాళ్ళని తేవాలి. "నాకు హిందీ అస్సలు వచ్చేది కాదు రా. రోజూ ఐదు మాటలు రాసేదాన్ని. దసరా అయ్యాక వచ్చేసింది" అని ఏడో తరగతి అక్క చెబితే వచ్చే ధైర్యం, హెడ్మాస్టరు గారి గంట ఉపన్యాసంతో రాదు. ఆ తర్వాత ఒక్కో ఏడో తరగతి పిల్లకి ఇద్దరు ముగ్గురు కొత్త పిల్లల్ని అప్పగించాలి. మొదటి నెల అన్నం వరసలో పక్కన నిలబడడం, బాత్రూం చూపించడం, సంచి సర్దడం నేర్పడం వాళ్ళ పని. ఒకే ఊరివాళ్ళయితే దారిలో తోడు కూడా. అయితే పెద్ద పిల్లలకి పెత్తనం ఇవ్వకూడదు. అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని వాళ్ళ చేతికిస్తే తోడు కాస్తా కాపలా అయిపోతుంది.

ఆడపిల్లల విషయంలో ఈ వయసుకి ఇంకో బరువు ఉంది. చాలామందికి మొదటి నెలసరి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల మధ్యే వస్తుంది. కొత్త బడి, మగ సార్లు, గడియ లేని బాత్రూం. ఆ రోజు ఎవరి దగ్గరికి వెళ్ళాలో జూన్‌లోనే తెలిసి ఉండాలి. ఒక టీచరమ్మ ముందుగానే ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, "అమ్మా, ఎప్పుడైనా అలా అయితే పీరియడ్ మధ్యలో అయినా సరే నా దగ్గరికి వచ్చేయండి, బీరువాలో ప్యాడ్లు ఉంటాయి, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు" అంటే ఆ ఒక్క మాట ఎన్నో రోజుల హాజరు కాపాడుతుంది. దూరం మాటకొస్తే, విద్యాహక్కు నిబంధనలు ఐదో తరగతి వరకు కిలోమీటరులోపు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలంటాయి. పిల్ల కాళ్ళకి ఆ తేడా చిన్నది కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. బడి వేళకి బస్సు వచ్చే ఊళ్ళలో అది పెద్ద ఊరట. రాని ఊళ్ళలో గుంపుగా నడవడమే దారి, ఆ గుంపు ఎవరెవరిదో మొదటి వారంలోనే బడి కూర్చాలి.

గురుకులాలకి వెళ్ళే పిల్లలది వేరే కథ, ఇంకా గట్టి పరీక్ష. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతికి, కస్తూర్బా విద్యాలయాల్లో, నవోదయల్లో ఆరో తరగతికి పిల్లల్ని చేర్చుకుంటారు. పదేళ్ళ పిల్ల ట్రంకు పెట్టె, బకెట్టు, దుప్పటితో ఇల్లు వదిలి వస్తుంది. పగలు బాగానే ఉంటుంది. సాయంత్రం ఆటలయ్యాక, స్టడీ అవర్ మొదలయ్యే ముందు, ఇళ్ళలో దీపాలు పెట్టే వేళ బెంగ మొదలవుతుంది. అన్నం సహించదు, కడుపునొప్పి అంటుంది, పక్క తడుపుతుంది. ఈ బెంగని మందలింపుతో పోగొట్టాలని చూస్తే అది లోపలికి పోతుంది తప్ప తగ్గదు. "అమ్మ గుర్తొస్తోందా? రావాలి కదా మరి. ఏం తినాలనిపిస్తోంది చెప్పు" అని పక్కన కూర్చుంటే పది నిమిషాల్లో తేలికపడుతుంది. ఆ వేళని ఖాళీగా వదలకపోవడం, పాటో కథో ఆటో ఉండేలా చూడడం అనుభవమున్న వార్డెన్లందరికీ తెలిసిన కిటుకు.

అమ్మానాన్నలకి కూడా ఇక్కడ ఒక మాట. మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడు పిల్ల కాళ్ళకి చుట్టేసుకుని ఇంటికి తీసుకుపొమ్మంటుంది. చాలామంది ఆ రోజే పెట్టె సర్దేస్తారు. ఇంకొందరు ఏడుపు చూడలేక చెప్పకుండా వెళ్ళిపోతారు. రెండోది మరీ ప్రమాదం, వెనక్కి తిరిగి చూసేసరికి అమ్మ లేకపోవడం ఆ పిల్ల మరిచిపోదు. మళ్ళీ ఏ ఆదివారం వస్తారో చెప్పి, చెప్పిన రోజుకి తప్పకుండా వస్తే బెంగ నెలా రెండు నెలల్లో తగ్గుతుంది. అయితే ఒంటి మీద దెబ్బలు కనబడితే, ఫలానా మనిషి పేరెత్తితేనే పిల్ల బిగుసుకుపోతే, పెద్ద పిల్లలు తమ బట్టలు ఉతికిస్తున్నారనో వస్తువులు లాక్కుంటున్నారనో చెబితే అది బెంగ కాదు. సర్దుకుపొమ్మనకండి. ప్రిన్సిపాల్‌ని కలవండి, వినకపోతే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల సాయానికే ఉన్న నంబరు.

గురుకులాల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది, పగటి బడులు దాన్ని అరువు తెచ్చుకోవాలి. నవోదయలో పిల్లలందరినీ అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని హౌసులుగా విడదీస్తారు, ఒక్కో హౌసుకి బాధ్యులైన టీచర్లు ఉంటారు. ఏ పిల్ల అన్నం తినలేదో, ఎవరికి జ్వరమో అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి ఫలానా అని తెలుసు. జెడ్పీ హైస్కూల్లో క్లాస్ టీచరు ఉంటారు, నిజమే. ఆ పనేమో హాజరు వేయడం, మార్కులు ఎక్కించడం, స్కాలర్‌షిప్ కాగితాలు చూడటంతో నిండిపోతుంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 35 మందికి ఒక టీచరు అంటుంది, కానీ సబ్జెక్టు టీచరు రోజుకి ఐదారు సెక్షన్లు తిరుగుతారు. వందల ముఖాల్లో మౌనంగా ఉన్న ముఖం కంటపడదు. అది టీచరు తప్పు కాదు.

కాబట్టి కొత్తగా చేరిన పిల్లల్ని టీచర్లందరూ పంచుకోవాలి. హెడ్మాస్టరు, పీఈటీ సహా. అరవైమంది చేరితే, పదిమంది టీచర్లుంటే ఒక్కొక్కరికి ఆరుగురు. ఆ ఆరుగురికి పాఠం చెప్పేది వేరేవాళ్ళైనా ఫరవాలేదు. వారానికొకసారి పది నిమిషాలు కూర్చుని ఎలా ఉన్నావని అడగడం, ఒకసారి ఇంటికి ఫోన్ చేయడం, రెండు రోజులు రాకపోతే కనుక్కోవడం. నోటీసు బోర్డు మీద ఆ జాబితా ఉండాలి, పిల్లకీ అమ్మకీ తెలిసి ఉండాలి. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడి నుంచి ఇద్దరు టీచర్లని, వీలైతే ఒక ఆడ, ఒక మగ, ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోవాలని ఉంది. మానసిక ఆరోగ్యం కూడా వాళ్ళు చెప్పాల్సిన అంశాల్లో ఒకటి. పిల్లల్ని పంచుకునే ఈ పనిని నడిపించడానికి వాళ్ళిద్దరూ సరిపోతారు.

మొదటి ఏడాదిని ఎందుకంత పట్టించుకోవాలో షికాగో అనుభవం చెబుతుంది. అక్కడ హైస్కూలు తొమ్మిదో తరగతితో మొదలవుతుంది. 2005లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు, మొదటి ఏడాది గాడిలో ఉన్న, అంటే ముఖ్యమైన సబ్జెక్టుల్లో పెద్దగా తప్పకుండా నడిచిన పిల్లలు నాలుగేళ్ళలో హైస్కూలు పూర్తిచేసే అవకాశం మిగతావాళ్ళ కన్నా మూడున్నర రెట్లు ఎక్కువని తేల్చారు. అంతకుముందు తరగతిలో వచ్చిన మార్కుల కన్నా మొదటి ఏడాది నడకే భవిష్యత్తుని బాగా చెప్పింది. మన దగ్గరా గండం మొదటి ఏడాదిలోనే. దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి తర్వాత తిరిగిరాని పిల్లలు ఉంటారు. పత్తి తీత, మిరప కోతలు కూడా అప్పుడే. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప చేలకి వలస పోతాయి. ఊళ్ళో పిల్లని చూసుకునేవాళ్ళు లేకపోతే వెంట తీసుకుపోతారు. ఆ ప్రాంతంలో వలస కుటుంబాల పిల్లలకి సీజనల్ హాస్టళ్ళు పెట్టడం అందుకే. బడిలో పిల్లకి బాగున్నప్పుడు ఆ కుటుంబం అమ్మమ్మ దగ్గరైనా వదిలి వెళ్ళే ఆలోచన చేస్తుంది. బడిలో రోజూ నిలబడి తిట్లు తినే పిల్ల, తీసుకుపొమ్మని తనే అడుగుతుంది.

దేశం మొత్తం లెక్కల్లోనూ ఇదే కనబడుతుంది. కేంద్ర విద్యాశాఖ బడుల నుంచి ఏటా సేకరించే యూడైస్ ప్లస్ 2024–25 లెక్కల ప్రకారం మూడు నుంచి ఐదు తరగతుల్లో బడి మానేసేవాళ్ళు 2.3 శాతం, ఆరు నుంచి ఎనిమిదిలో 3.5, తొమ్మిది నుంచి పన్నెండులో 8.2. అంతకుముందు ఏడాది కన్నా తగ్గాయి, సంతోషం. తొమ్మిదిలో మానేసే పిల్ల ఆ నిర్ణయం తొమ్మిదిలో తీసుకోదని మాత్రం మరిచిపోకూడదు. ఆరులోనే సగం మానేసి ఉంటుంది.

దెబ్బల గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇంకా 'భయం ఉంటేనే చదువు' అనేవాళ్ళున్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొత్త బడిలో మొదటి వారంలో తిన్న దెబ్బ ఆ సబ్జెక్టు మీద విరక్తిగా మిగులుతుంది. మొదటి నెల నోట్సు తేకపోతే, హోంవర్కు చేయకపోతే శిక్ష ఉండదని టీచర్లందరూ కలిసి అనుకుంటే పోయేదేమీ లేదు.

ఇంట్లో చదువుకోని అమ్మానాన్నలు మేమేం చేయగలం అంటారు. చాలా చేయగలరు. రాత్రి పడుకునే ముందు టైమ్ టేబుల్ బయటికి చదివించుకుని సంచి సర్దించడానికి అక్షరం రానక్కర్లేదు. "ఎన్ని మార్కులొచ్చాయి" అని అడిగేచోట "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు, అన్నం ఎవరితో తిన్నావు" అని అడగండి. మూడు వారాలైనా ఒక్క స్నేహితురాలి పేరు కూడా రాకపోతే అది టీచరుకి చెప్పాల్సిన విషయం. పెద్దమ్మ కొడుకుతో, నవోదయ సీటొచ్చిన పక్కింటి పిల్లతో పోల్చకండి. తల్లిదండ్రుల సమావేశానికి కూలి పోయినా సరే మొదటిసారి తప్పక వెళ్ళండి. అక్కడ అందరిముందు మార్కులు వినడం కన్నా, మీ పిల్ల బాధ్యత చూసే టీచరు ఎవరో కనుక్కుని ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోవడం ముఖ్యం.

మొదటి నెలలో ఏడుపు, నిద్రలో కలవరించడం, పొద్దున్నే కడుపునొప్పి చాలామందిలో ఉంటాయి, తగ్గిపోతాయి. ఆగస్టు దాటినా తగ్గకపోతే, తిండి మానేస్తే, ఇష్టమైన ఆట కూడా వదిలేస్తే, మాట పూర్తిగా తగ్గిపోతే ఇంకొన్నాళ్ళు చూద్దామని ఆగకండి. ముందు ఆ టీచరుతో మాట్లాడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకి చూపించండి, చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించండి. బోర్డు కనబడక మూగనోము పట్టిన పిల్లలు ఉంటారు. మనసుకి సంబంధించిన సాయం కోసం టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు, పిల్ల తరఫున అమ్మ గానీ టీచరు గానీ చేయవచ్చు.